పరిగెత్తే వాచీ

రామచంద్రపురం మెయిన్ రోడ్డులో ‘సాల్మన్ వాచ్ వర్క్స్’ అన్న బోర్డు కింద కూర్చుని పనిచేసేది సాల్మన్ కాదు, ఆయన కూతురు తబిత. దుకాణం ఎక్కడో తెలియని పొరుగూరి వాళ్ళకి ఎవరూ చిరునామా చెప్పక్కర్లేదు. బస్సు దిగి కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఆడమనిషి పగలబడి నవ్వడం వినిపిస్తుంది. ఆ నవ్వు పట్టుకుని నడిస్తే వాచీల దుకాణం వచ్చేస్తుంది.

ఆమెది నవ్వు జబ్బని వాళ్ళమ్మ బతికున్న రోజుల్లో అంటూ ఉండేది. చర్చిలో కానుకల సంచి పట్టుకొచ్చిన పెద్దాయన తుమ్మితే తబితకి నవ్వు. పెళ్ళిచూపులకొచ్చిన అమలాపురం అబ్బాయి బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి గ్లాసులో పడిపోతే, వేళ్ళతో తియ్యాలో వద్దో తెలియక బిక్కమొహం వేసినప్పుడు కూడా నవ్వు. ఆ సంబంధం అక్కడితో సరి. ఆ తర్వాత వచ్చినవీ ఏదో ఒక బిస్కెట్టు దగ్గర ఆగిపోయాయి. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చేసరికి అడిగేవాళ్ళూ మానేశారు, ఆమే ఆ ఊసు మర్చిపోయింది.

నవ్వుకీ వాచీ పనికీ అసలు పొత్తు కుదరదు. వాచీ విప్పి బల్ల మీద పెట్టాక ఊపిరైనా పక్కకి తిరిగి వదలాలి. లోపలుండేవన్నీ ఆవగింజలో సగం లేని స్క్రూలు, వెంట్రుక కన్నా సన్నని స్ప్రింగులు. చేతులు వణకడం మొదలై పని కూతురికి అప్పజెప్పిన రోజున సాల్మన్‌కి పట్టుకున్న బెంగంతా అదే.

“అమ్మడూ, బ్యాలెన్స్ చక్రం విప్పినప్పుడు మాత్రం నవ్వకమ్మా. మొన్న నువ్వు నవ్విన నవ్వుకి స్క్రూ ఎగిరి నాగదుర్గ గారి పూలబుట్టలో పడింది. అది ఏ దేవుడి మెడలో తేలిందో ఏంటో!”

నాగదుర్గ పక్కన అరుగు మీద పూలు అమ్ముతుంది. ఆమె ఆ రోజు మూరలు మూరలుగా కట్టిన మల్లెపూలన్నీ విప్పి వెతికింది గానీ స్క్రూ దొరకలేదు. అప్పటినుంచి తబిత ఒక పద్ధతి పెట్టుకుంది. నవ్వు వచ్చేటట్టు ఉంటే ముందు పని మీద గాజు మూత బోర్లిస్తుంది. కంటి అద్దం నుదుటి మీదికి తోస్తుంది. వీధి వైపు తిరిగి కడుపారా నవ్వేసి, కళ్ళు తుడుచుకుని, మూత తీసి మళ్ళీ పనిలో దిగుతుంది. ఆమె మూత కోసం చెయ్యి చాచిందంటే వచ్చినవాళ్ళకి కూడా నవ్వు మొదలయ్యేది.

పెళ్ళిళ్ళ రోజులు. ఒకరోజు పొద్దున్నే ఒక పొడుగాటి మనిషి వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. చూడగానే గుర్తుపట్టింది. విజయ్ సౌండ్స్ విజయ్ పాల్. చుట్టుపక్కల పెళ్ళయినా, క్రిస్మస్ అయినా, వినాయకచవితి అయినా, మీటింగయినా మైకుసెట్టు అతనిదే. పది ఊళ్ళకి వినపడే గొంతు అతని దగ్గర అద్దెకి దొరుకుతుంది గానీ, అతను మాట్లాడితే ఎదుటి మనిషి చెవి దగ్గర పెట్టుకోవాలి.

“వాచీ అండి,” అన్నాడు.

“ఏమైందండి?”

“పరిగెడతందండి.”

“ఎంతలా?”

“రోజుకి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువేనండి. మొన్న ద్రాక్షారామం దగ్గర పెళ్ళిలో, టైమయిపోయిందనుకుని మంగళవాయిద్యాల రికార్డు పెట్టేశానండి. పెళ్ళికూతురింకా నిద్ర లేవలేదు. ముహూర్తం దాటిపోతందని చుట్టాలంతా తడి జుట్లతో పరిగెత్తుకొచ్చేశారండి. పంతులు గారైతే…” అతను ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. “పంతులు గారు పంచె ఇంకా కట్టుకోలేదండి, చేత్తో పట్టుకునే వచ్చేశారు.”

తబిత చెయ్యి గాజు మూత కోసం వెళ్ళింది. ఆ నవ్వుకి ఎదురుగా టీ కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు కూడా ఇటు తిరిగారు. విజయ్ పాల్ చిన్నబుచ్చుకోలేదు. తను చెప్పిన మాటలో అంత నవ్వు ఉందా అన్నట్టు ఆశ్చర్యంగా చూశాడు. ఆమె నవ్వుతూనే ఉంటే అతని పెదాలూ ఒక పక్కకి వంకర తిరిగాయి.

“ఫోన్లో చూసుకోవచ్చు కదండీ టైమ్?” అంది చివరికి, కళ్ళొత్తుకుంటూ.

“ఫోను పాటలకి మిషనుకి తగిలించేస్తానండి. టైమెప్పుడూ దీన్లోనే. మా నాన్నగారిదండి ఇది.”

వాచీ చేతిలోకి తీసుకుంది. పాతకాలపు కీ వాచీ. డయలు పాలు పొంగి చల్లారిన రంగులోకి తిరిగింది. సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి దాని పక్కన పెట్టింది. ముల్లు ఉత్తరం వదిలేసి, పిలిచినట్టుగా వాచీ వైపు తిరిగిపోయింది.

“చూశారా? అయస్కాంతం పట్టేసింది. లోపల ఉక్కు స్ప్రింగొకటి చుట్లు చుట్లుగా ఉంటుందండి, జంతిక లాగా. అయస్కాంతం సోకితే ఆ చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైపోయినట్టే. పొట్టి ఉయ్యాల గబగబా ఊగుతుంది కదా, అలాగే మీ వాచీకి తొందరెక్కువైంది.”

మూలనున్న, అయస్కాంతం వదిలించే చిన్న మిషను మీద వాచీ పెట్టి స్విచ్ నొక్కి, బుయ్యిమంటుండగా మెల్లగా పైకి లాగింది. దిక్సూచి ముల్లు ఈసారి వాచీని పట్టించుకోలేదు.

“ఇంతేనాండి?” అన్నాడు విజయ్ పాల్. అతని గొంతులో కొంచెం నిరాశ లాంటిది ఉందని నాగదుర్గ తర్వాత చెప్పింది. తబితకి మాత్రం ఏమీ వినపడలేదు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. వాచీ మళ్ళీ పరుగు.

“పనిలో ఉన్నప్పుడు దీన్ని ఎక్కడ పెడతారండీ?”

“సౌండు బాక్సు మీదండి. అక్కడైతే ఎవరూ ముట్టుకోరని.”

తబిత మూత వెయ్యడం కూడా మర్చిపోయి నవ్వింది. సౌండు బాక్సులో పెద్ద అయస్కాంతం ఉంటుందనీ, దాని మీద ఈ వాచీని పెట్టడమంటే పిల్లి ముందు చేపను కాపలా పెట్టినట్టనీ చెప్పింది. అతను చెంపలు వేసుకుని, ఇంక చచ్చినా అక్కడ పెట్టనని మాటిచ్చాడు. ఆ తర్వాతి వారం మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాతి వారమూ వచ్చాడు.

“ఏంటమ్మాయ్ ఇది?” అంది నాగదుర్గ, పూలు గుచ్చుతూ, తలెత్తకుండానే. “వారవారం వత్తన్నాడు. కావాలనే పెడతన్నాడే ఆ బాక్సు మీద.”

“ఛ, ఊరుకోండి పిన్నిగారూ.”

“నేనూరుకుంటాలే. ఆడు ఊరుకుంటాడా?”

తబిత పని మీదికి వంగింది. కానీ ఆ రోజంతా అదే మాట చెవిలో దోమలా తిరుగుతూ ఉంది. కావాలనే పెడుతున్నాడేమో! అద్దం ముందు జడ వేసుకుంటూ ఒక్కతే నవ్వుకుంది. అన్నం తింటూ నవ్వుకుంది. సాల్మన్ కంచంలోంచి తలెత్తి, “ఏంటమ్మా, కూరలో ఉప్పు ఎక్కువైందా?” అని అడిగితే ఇంకా నవ్వింది.

సంగతేదో తేల్చుకోకపోతే పని సాగేటట్టు లేదు. కోటిపల్లి దారిలో ఒక పెళ్ళికి నాగదుర్గ పూలు తీసుకెళ్తుంటే, బుట్టలు పట్టుకోవడానికి సాయమని చెప్పి తబిత కూడా ఆటో ఎక్కేసింది. ఒళ్ళో లిల్లీ దండలు, కాళ్ళ దగ్గర మల్లెపూలు, నెత్తి మీద ఎండ. పెళ్ళిపందిట్లోకి వెళ్ళగానే బుట్ట ఎక్కడో వదిలేసి, ఒక అరటిచెట్టు స్తంభం చాటున నిలబడి చూసింది.

విజయ్ పాల్ బాక్సులు దింపుతున్నాడు. ఒక్కొక్కటీ మనిషంత ఉంది. వాటిని బిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా కావలించుకుని, చెంప ఆనించి, వేదిక పక్కకి మోసుకెళ్తున్నాడు. వాచీ మాత్రం చేతికే ఉంది. ఎక్కడా తీసిపెట్టలేదు. మాట తప్పలేదు పాపం. కాకపోతే బాక్సు ఎత్తిన ప్రతిసారీ ఆ ఎడమ మణికట్టు సరిగ్గా వెనకాల అయస్కాంతం ఉండే చోట హత్తుకుపోతోంది.

కావాలని చెయ్యడం లేదన్నమాట.

అది తెలిసినందుకు ఆమె సంతోషించాలి. వాచీ ఎందుకు పాడవుతోందో పట్టుకుంది కదా. కానీ ఎండలో ఐసు ముక్క చేతిలో కరిగిపోయినట్టు ఏదో జారిపోయింది. ఆ దిగులు చూసుకుని తనకే ఆశ్చర్యం వేసింది. ఇదేంటి, నాకెందుకు బాధ? అనుకుంది. తిరుగుదారిలో ఆటోలో నాగదుర్గ ఒకసారి ఆమె మొహం వైపు చూసి, కొప్పులో ఒక గులాబీ గుచ్చి, కిళ్ళీ నముల్తూ కూర్చుంది.

తబితది మొండి పట్టు. ఒక వాచీ మళ్ళీ మళ్ళీ పాడై వస్తుంటే ఆమెకి అన్నం సహించదు. మర్నాడే విజయ్ పాల్‌ని పిలిపించింది.

“మీ దగ్గర కాలిపోయిన ఆంప్లిఫైయరు ఏదైనా ఉందాండీ? అందులో ట్రాన్స్‌ఫార్మరుంటుంది, దాని రేకులు కావాలి.”

రేకులంటే అర్థం కాక అతను సాయంత్రానికి మొత్తం ఆంప్లిఫైయరునే భుజాన వేసుకొచ్చాడు. వెనకాల తోకలాగా వైరు ఈడ్చుకుంటూ వస్తుంటే ఒక కుక్క దాన్ని తరుముకుంటూ వచ్చింది. పెళ్ళిపందిట్లోంచి వచ్చాక తబితకి మొదటిసారి నవ్వొచ్చింది.

“ఈ రేకు మెత్తని ఇనుమండి. అయస్కాంత బలాన్ని ఆపదు గానీ దారి మళ్ళిస్తుంది. చేను చుట్టూ బోదె తవ్వితే నీళ్ళు చేలోకి దిగకుండా బోదె వెంటే పోతాయా లేదా? అలాగే వాచీ యంత్రం చుట్టూ ఈ ఇనుముతో ఒక డిప్ప చేసి పెడితే, బలమంతా ఇనుములోంచి చుట్టూ తిరిగి పోతుంది, స్ప్రింగు జోలికి రాదు. ఇప్పటి వాచీల్లో స్ప్రింగు లోహమే మార్చేశారు, దానికి అయస్కాంతం అంత సులువుగా అంటదు. మీదేమో పాతకాలపు ఉక్కు.”

“స్ప్రింగు మార్చెయ్యకూడదాండి మరి?”

“మార్చొచ్చు. కానీ మీ నాన్నగారి వాచీ కదా. ఉన్న ప్రాణం ఉంచి, పైన గొడుగు పడదాం.”

ఆ మాటకి అతను చాలాసేపు కౌంటరు మీద వేలితో గీతలు గీశాడు.

డిప్ప చెయ్యడానికి తల ప్రాణం తోకకొచ్చింది. రేకును ఎర్రగా కాల్చి చల్లార్చి, వంచి, ఆకురాయితో అరగదీసి, వెనక మూత కింద ఒకటి, చుట్టూ ఒక కట్టు, డయలు కింద పలచని బిళ్ళ ఒకటి అమర్చింది. పాత కేసులో పట్టక, నాన్న సామాన్లలో కొంచెం పెద్ద కేసు వెతికి అందులో కూర్చోబెట్టింది. తర్వాత విజయ్ పాల్ ఒక చిన్న సౌండు బాక్సు తెచ్చాడు. దాని వెనక వాచీ ఆనించి ఉంచారు. తీసి చూస్తే టిక్కు టిక్కుమని బుద్ధిగా, తొందరపడకుండా నడుస్తోంది.

“చూశారా!” అని తబిత చప్పట్లు కొట్టింది. “ఇంక దీనికేం కాదు. ఇంక మీరు రానక్కర్లేదండి.”

అనేశాక నాలుక కరుచుకుంది.

“ఆయ్,” అన్నాడు విజయ్ పాల్ ఇంకా చిన్న గొంతుతో. “రానక్కర్లేదాండి.” వాచీ పెట్టుకుని, బాక్సు కావలించుకుని వెళ్ళిపోయాడు.

మరి రాలేదు. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. తన పనితనం మీద తబితకి అంతకుముందెప్పుడూ అంత కోపం రాలేదు. ఎవరు తయారుచెయ్యమన్నారు అంత మంచి డిప్ప! దుకాణం నిశ్శబ్దమైపోయింది. మండపేట నుంచి వచ్చిన ఒకాయన బస్సు దిగి ఎంతసేపు నిలబడ్డా నవ్వు వినపడక, దుకాణం ఎత్తేశారనుకుని తిరిగి వెళ్ళిపోయాడట. ఆ సంగతి చెప్పినా ఆమె నవ్వలేదు. సాల్మన్ కూతురి నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. జ్వరం లేదు.

ఒక మధ్యాహ్నం, వీధంతా ఎండకి కళ్ళు మూసుకున్న వేళ, కౌంటరు మీద నీడ పడింది. తలెత్తితే విజయ్ పాల్. చేతిలో జేబురుమాలు, అందులో మూట కట్టిన వాచీ. మొహం పరీక్ష తప్పినవాడిలా ఉంది.

“పడిపోయిందండి,” అన్నాడు. “మైకు హారను కట్టడానికి నిచ్చెనెక్కితే జారిపోయింది. ఆగిపోయిందండి.”

“పడేశారా! కొత్త కేసుకి బెల్టు వదులుగా ఉందేమో చూసుకోవద్దాండీ? అంత పెద్ద నిచ్చెన మీంచా? సిమెంటు మీదా?” అని తబిత గట్టిగా కేకలేసింది. కేకలేస్తున్నంతసేపూ ఆమె మొహం పండగనాటి గుమ్మంలా వెలిగిపోతోంది. అది ఆమెకి తెలియలేదు. నాగదుర్గకి తెలిసింది. ఆవిడ పూలకి నీళ్ళు చల్లే వంకతో అరుగు ఈ చివరికి జరిగి కూర్చుంది.

వాచీ విప్పి, కంటి అద్దం పెట్టుకుని చూసి, అతన్ని కూడా చూడమంది. విజయ్ పాల్ అద్దం ఎలా పెట్టుకోవాలో తెలియక మొహమంతా నలిపేసుకున్నాడు.

“ఈ చక్రం ఇరుసు చివర చూడండి. సూది మొన కన్నా సన్నం. ఒరిపిడి తక్కువుండాలి కాబట్టి అంత సన్నంగా చెయ్యక తప్పదు. లావుగా చేస్తే విరగదు గానీ టైమ్ తప్పుతుంది. ఆ మొన ఒక రాయి గుంటలో కూర్చుంటుంది. మీ వాచీలో ఆ రాయిని గట్టిగా దిగేసేశారు, అసలు కదలదు. కింద పడగానే చక్రం బరువంతా మొన మీద పడి పుటుక్కుమంది.”

“మరి షాక్‌ప్రూఫ్ అని రాసుంటాయి కదండీ కొన్నింటి మీద?”

“వాటిలో రాయిని బిగించరు. చిన్న స్ప్రింగు కింద కూర్చోబెడతారు. దెబ్బ తగలగానే రాయి కాస్త ఒదుగుతుంది. చక్రం దాంతోపాటు జరిగి, ఇరుసులో లావుగా ఉన్న చోటు పక్క గోడకి ఆనుకుంటుంది. దెబ్బ అక్కడ పోతుంది, మొనకి తగలదు. వెంటనే స్ప్రింగు రాయిని మళ్ళీ దాని చోట్లోకి తోసేస్తుంది.”

విజయ్ పాల్ ఆలోచించాడు. “బస్సు బ్రేకేసినప్పుడు ఒళ్ళు వదిలేసినవాడు ఊగి నిలబడతాడండి. బిగుసుకు నిలబడ్డవాడే పడేది.”

“అదే! సరిగ్గా అదే!” అంది తబిత. ఇంత బాగా తనకి ఎప్పుడూ చెప్పడం రాలేదనిపించింది.

ఇంట్లో మంచం కింద సాల్మన్ బిస్కెట్ డబ్బా ఒకటుంది. ఆయన జీవితమంతా పోగుచేసిన చచ్చిపోయిన వాచీలన్నీ అందులో ఉంటాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక తండ్రీ కూతురూ నేల మీద దుప్పటి పరిచి దాన్ని గుమ్మరించారు. అదే కంపెనీ అదే యంత్రాన్ని తర్వాత రోజుల్లో స్ప్రింగు రాళ్ళతో చేసిందని సాల్మన్‌కి గుర్తు. వణికే వేలితో ఒకదాన్ని చూపించాడు.

“అదిగో, అందులో చక్రమూ, పైన దాన్ని పట్టుకునే వంతెనా, కింద రాయీ మూడూ తీసి ఇందులో వెయ్యి. కూర్చుంటాయి. ఇంతకీ ఎవరిదమ్మా ఈ వాచీ? ఇంత మర్యాద చేస్తున్నావు?”

“విజయ్ సౌండ్స్ ఆయనది నాన్నా.”

“లూథరన్ చర్చి వాళ్ళబ్బాయేనా?” సాల్మన్ బాప్టిస్టు, బాప్తిస్మానికి మనిషిని నీళ్ళలో నిలువునా ముంచే చర్చి. కాస్త ఆలోచించాడు. “మంచివాళ్ళేనమ్మా. బాప్తిస్మానికి నీళ్ళే కొంచెం తక్కువ వాడతారు.”

తబిత దుప్పటి మీద దొర్లి దొర్లి నవ్వింది. ఒక ముల్లు, రెండు పళ్ళచక్రాలు ఆమె జుట్టులోంచి సాయంత్రం దాకా రాలుతూనే ఉన్నాయి.

వాచీ సిద్ధమైంది. విజయ్ పాల్ వచ్చాడు. తబిత కౌంటరు ముందు నేల మీద ఒక చెక్క వేసి, వాచీని అతని చేతికిచ్చి, “వదిలెయ్యండి దాని మీదికి,” అంది.

“అమ్మో! నా వల్ల కాదండి. నాన్నగారిది.”

“అయితే ఇలా ఇవ్వండి.”

చెయ్యి నడుం ఎత్తున పెట్టింది. విజయ్ పాల్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అప్పుడు తబితకి ఒక అనుమానం వచ్చింది. ఇరుసు సరిగ్గా కూర్చోకపోయి ఉంటే? వేళ్ళు విప్పేసింది. వాచీ చెక్క మీద టప్పున పడింది.

“నీ చేతులు పడిపోను! పీనుగా!” అని అరిచింది నాగదుర్గ పూలబుట్ట ఎత్తుకుని.

తబిత తీసి చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత మాట్లాడకుండా అతని చెవి దగ్గర పెట్టింది. టిక్కు టిక్కు టిక్కు. విజయ్ పాల్ కళ్ళు తెరిచాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. అతను నవ్వడం తబిత వినడం అదే మొదలు. సన్నగా, ఎక్కిళ్ళు వచ్చినట్టు, ఆగి ఆగి వచ్చింది ఆ నవ్వు. అది విని ఆమెకి ఇంకా ఎక్కువైంది. మళ్ళీ పడేశారు. మళ్ళీ టిక్కు టిక్కు. ఈసారి అతనే పడేశాడు. చేతులెత్తి గెంతాడు కూడా. అప్పుడే దిగిన బస్సులోని వాళ్ళు గుమిగూడారు. కండక్టరు తన వాచీ తీసి, “నాది కూడా పడెయ్యండమ్మా చూద్దాం,” అంటే, “మీది పడిందంటే నా దగ్గర వదిలెయ్యాల్సిందేనండి బాబూ,” అని పంపేసింది.

జనం పలచబడ్డాక విజయ్ పాల్ వాచీ చేతికి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“ఇంక దెబ్బకీ పాడవదాండి?”

“అవదండి. మరీ గోపురం మీంచి పడేస్తే చెప్పలేను.”

“అయస్కాంతానికీ అవదు.”

“అవదు.”

అతను చెప్పులకేసి చూసుకున్నాడు. “నిజం చెప్పాలండి మీకు. డిప్ప వేశాక రావడానికి నాకు దారి లేకుండా పోయిందండి. పడేద్దామని నిచ్చెనెక్కిన ప్రతిసారీ అనుకున్నాను. నాన్నగారిది కదా, చెయ్యి రాలేదు. ఆ రోజు మాత్రం నిజంగానే జారిపోయిందండి, ఒట్టు. కింద పడిన చప్పుడు వినగానే ఏడుపొచ్చింది. ఆ వెంటనే… ఎందుకో బోలెడంత సంతోషమేసింది. ఇప్పుడు మీరు మళ్ళీ బాగుచేసేశారు. రేపు నేనేం చెప్పుకుని రానండి?”

తబిత నోరు తెరిచింది. నవ్వు రాలేదు. గాజు మూత తీసుకుని ఖాళీ బల్ల మీద బోర్లించింది, మళ్ళీ తీసింది, మళ్ళీ బోర్లించింది.

“ఏం చెప్పక్కర్లేదులే నాయనా,” అంది నాగదుర్గ పక్క నుంచి. “రేపు ఊరికే రా. అమ్మాయ్, నీకేవైనా అభ్యంతరముందా?”

లేదని తబిత తల ఊపింది. ఎంత గట్టిగా ఊపిందంటే కంటి అద్దం నుదుటి మీంచి జారి ముక్కు మీద పడింది.

రెండు చర్చిల పెద్దలూ కూర్చుని, కేకుల సంగతి, పలావు సంగతి మాట్లాడుకుని, పెళ్ళి బాప్టిస్టు చర్చిలో పెట్టారు. పెళ్ళికొడుకు తన పెళ్ళికి తను పనిచెయ్యకూడదని వేరే ఊరి మైకుసెట్టు తెప్పించారు. పాస్టరు గారు “ప్రియులారా” అనగానే అది కీచుమని చర్చి గోపురం మీది పావురాలు లేచిపోయేటట్టు అరిచింది. మళ్ళీ “ప్రియులారా” అన్నారు. మళ్ళీ కీచు. పెళ్ళికొడుకు సూటులో చెమటలు కక్కుతూ, పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాడు. మూడోసారికి ఆగలేకపోయాడు. “ఒక్క నిమిషమండి అయ్యగారూ,” అని కోటు విప్పి పాస్టరు గారి చేతికిచ్చి, బాక్సు తిప్పిపెట్టడానికి నిచ్చెనెక్కేశాడు. కింద నిచ్చెన పట్టుకోవడానికి దగ్గర్లో ఎవరూ లేరు. తెల్లచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకెత్తి, ఇంకో చేత్తో తబిత పట్టుకుంది. ముసుగు ఎటో పోయింది. వరసల్లో కూర్చున్న వాళ్ళంతా నవ్వు ఆపుకోలేక పాటల పుస్తకాల్లో మొహాలు దాచుకున్నారు. పాస్టరు గారు కూడా కోటు చాటున ముక్కు చీదుకున్నట్టు నటించారు.

పెళ్ళయ్యాక మొదటిసారి ఇద్దరూ బండి మీద ఉప్పాడ వెళ్ళారు. అన్నవరం నుంచి తిరిగొచ్చే యాత్రికులతో రోడ్డు కిటకిటలాడుతోంది. గట్టు మీద పోసిన బండరాళ్ళ మీద నిలబడి సముద్రాన్ని చూస్తుంటే, ఎక్కణ్ణుంచి లేచిందో ఒక కెరటం వచ్చి ఇద్దర్నీ నిలువునా ముంచి వెళ్ళింది. తబిత జుట్టులో నురగ. విజయ్ పాల్ చొక్కా జేబులో చిన్న పీత. అతను నోట్లో నీళ్ళు ఉమ్ముతూ ముందు చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. వాచీ అద్దం లోపల సముద్రం అటూ ఇటూ ఊగుతోంది.

“దీనికి నీళ్ళు కూడా పడవా?” అన్నాడు నీరసంగా.

“వాటర్‌ప్రూఫ్ అని నేనెప్పుడు చెప్పానండీ మీకు!” అంది తబిత. సంచిలోంచి పనిముట్ల పొట్లం తీసింది. అది లేకుండా ఆమె ఎక్కడికీ వెళ్ళదు. “ఉప్పునీళ్ళు తినేస్తాయి, పదండి, మంచినీళ్ళు కావాలి.”

రోడ్డు పక్క ఒక ఇంటి ముందు పెద్దింట్లమ్మ అనే ముసలావిడ చేపలు ఎండబెడుతోంది. తబిత అడగ్గానే చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అరుగు మీద కూర్చుని వెనక మూత విప్పి, యంత్రం పట్టుకుని ఆ చెంబులో ముంచేసరికి ఆవిడ గుండెలు బాదుకుంది.

“ఓలమ్మో! నీళ్ళల్లో తడిసినదాన్ని మళ్ళీ నీళ్ళలో ముంచుతావేంటే తల్లీ?”

“ఉప్పు పోవాలండి. పోయాక ఎండబెట్టాలి.”

“ఎండబెట్టడమంటే నాకొదిలెయ్,” అంది పెద్దింట్లమ్మ. చేపల మధ్య ఒక జాగా చేసి, పాత నూలుగుడ్డ పరిచింది. వాచీ భాగాలు ఒక్కొక్కటీ అక్కడ చేరాయి. ఇటు ఎండుతున్న నెత్తళ్ళు, అటు సావిడాయ చేపలు. విజయ్ పాల్ తడిసిన చొక్కా విప్పి ఒక కర్రకి తగిలించి, కాకుల్ని అదిలిస్తూ కాపలా కూర్చున్నాడు. పెద్దింట్లమ్మ వాళ్ళకి వేడివేడి అన్నంలో చేపల పులుసు వేసి పెట్టింది. పులుసు కారానికి ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరుగుతున్నా, ఇంకొంచెం వెయ్యమని తబిత కంచం చాపింది.